దీపాలకు నూనె ఎక్కడిది? కల్పిత ద్వీపానికి నమ్మదగిన జానపద సంస్కృతిని అల్లడం ఎలా

నేను మొట్టమొదట రాసిన ద్వీపం కథలో ఒక పండుగ ఉండేది. పున్నమి రాత్రి ఊరంతా ఒడ్డుకు చేరి వెయ్యి దీపాలు నీళ్లలో వదులుతుంది. రాస్తున్నంతసేపూ అది నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. చదివిన స్నేహితురాలు మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది: "వెయ్యి దీపాలకు నూనె ఎక్కడిది?" నా ద్వీపంలో నూనెగింజలు పండవు, పశువులు లేవు, తిమింగలాల వేట లేదు. పైగా అంతకు ముందు అధ్యాయంలోనే నాయిక వెలుగు దండగని చీకట్లో కూర్చుని తింటుంది. ఆ పండుగ కొట్టేశాను. దాంతోపాటు మరో నలభై పేజీలు పోయాయి.

ఆ దెబ్బతో ఒకటి తెలిసింది. జానపద సంస్కృతి అంటే పండుగలు, ముసుగులు, పాటలు, టాటూల జాబితా కాదు. ఒకే చోట, ఒకే ఇబ్బందితో తరాల తరబడి వేగిన మనుషులకు పడిపోయిన అలవాట్లు అవి. ఆ ఇబ్బంది ఏమిటో తేల్చుకోకుండా పండుగ రాస్తే అది నాటకం స్టేజీ మీద కట్టిన తెరలా ఉంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఏమీ ఉండదు. ఇంకోటి కూడా ఉంది. అలవాటు పడ్డాక కారణం మరుగున పడుతుంది, అలవాటు మిగిలిపోతుంది. రచయితగా మనం కారణం కనిపెట్టాలి, ఆపైన దాన్ని పాత్రల చేత సగం మరిపించాలి. రెండో పని మొదటిదానికన్నా కష్టం.

ఊరికే సూత్రాలు చెప్తే ఉపయోగం లేదు కాబట్టి, ఇక్కడే ఒక ద్వీపాన్ని కట్టుకుంటూ వెళ్దాం. పేరు కితోర. అలాంటి చోటు లేదు. మధ్యలో నిజం ద్వీపాలు వస్తాయి, వాటిని విడిగా చెప్తాను.

మొదటి మెట్టు: గాలి, నీళ్లు, తలల లెక్క

చాలామంది ముందు మ్యాప్ గీస్తారు, చేప ఆకారంలోనో నెలవంక ఆకారంలోనో. ఆకారం తర్వాత సంగతి. గాలి ఎటు నుంచి వీస్తుందో ముందు చూసుకోండి. మధ్యలో కొండ ఉన్న ద్వీపంలో గాలి తాకే వైపు వాన పడుతుంది, అవతలి వైపు పొడిగా ఉంటుంది. పడవలు ఆపుకోవడానికి మాత్రం ఆ పొడివైపే నయం. అంటే పంట ఒక వైపు, రేవు ఇంకో వైపు. ఈ ఒక్క ముక్కతో కొండవాళ్లు, రేవువాళ్లు అని రెండు గుంపులు, వాళ్ల మధ్య ఎగతాళి, పిల్లనిచ్చేటప్పుడు మూతివిరుపులు వాటంతటవే పుట్టుకొస్తాయి.

తర్వాత మంచినీళ్లు. పల్లపు ద్వీపాల్లో, పగడపు రాయి మీద ఏర్పడినవాటిలో ముఖ్యంగా, వాననీరు నేలలోకి ఇంకి కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. ఆ పొర సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తున ఉంటే, మట్టానికి దిగువన దాదాపు 40 మీటర్ల దాకా ఉంటుందని ఒక మోటు లెక్క. పొర పైకి పావు మీటరే ఉన్నచోట కిందకీ పదే. ఆశకొద్దీ లోతుగా తవ్వినా, ఒక్కసారిగా తోడేసినా ఉప్పు పైకొస్తుంది. అలాంటి చోట "బావిని రెండుసార్లు వరసగా చేదకూడదు" అనే ఆచారం పుట్టడానికి దేవుడు అక్కర్లేదు. దేవుడు తర్వాత వచ్చి చేరతాడు.

ఇక తలల లెక్క. ఇది ఎవరూ వెయ్యరు, అందుకే ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. పసిఫిక్‌లోని టికోపియా ద్వీపం వైశాల్యం దాదాపు 5 చదరపు కిలోమీటర్లు. మానవశాస్త్రవేత్త రేమండ్ ఫర్త్ 1928-29లో అక్కడ ఉన్నప్పుడు జనం సుమారు 1,200. అంత చిన్న చోట అంతమంది బతికారు, అదీ చాలా గట్టి కట్టుబాట్లతో. స్కాట్లండ్ పడమటి సముద్రంలోని సెయింట్ కిల్డాలో 1930 ఆగస్టు 29న చివరి 36 మంది తమంతట తామే కోరుకుని ద్వీపం ఖాళీ చేశారు. ఆచారాలు మర్చిపోయినందువల్ల కాదు. పడవ నడపడానికి, కొండ అంచున పక్షులు పట్టడానికి వయసులో ఉన్న మగవాళ్లు చాలినంతమంది లేకపోవడం ఒక పెద్ద కారణం.

కితోరకు 900 మంది అనుకుందాం. ఇంటికి ఆరుగురు చొప్పున 150 ఇళ్లు. అందులో పెళ్లీడు పిల్లలు ఏ సమయంలో చూసినా కొన్ని పదులే. అంటే ఎవరు ఎవరికి ఏమవుతారన్నది అక్కడ కాలక్షేపం కబుర్లు కాదు, బతుకు సమస్య. 900 మందిలో పూర్తికాలం పూజారి ఉండడు, అతనూ చేపలకు వెళ్తాడు. పూర్తికాలం కథలు చెప్పే ముసలాయన కూడా ఉండడు. వల బాగుచేస్తూ చెప్తాడు, ముడి చిక్కుపడితే మధ్యలో ఆపేస్తాడు.

రెండో మెట్టు: ఒక్క కొరత పట్టుకుని "అయితే?" అని అడుగుతూ పోండి

ద్వీపంలో ఏముందో రాసే బదులు ఏం లేదో రాయండి. లేనివి పది ఉంటాయి. ఒక్కటి ఎంచుకోండి, చాలు. ఉప్పు ఉండదనకండి, చుట్టూ అదే కదా. లోహమా, కలపా, మట్టా, నిప్పా, పెళ్లికూతుళ్లా?

కితోరలో పెద్ద చెట్లు లేవు. గాలికి ఏ చెట్టూ మనిషి ఎత్తు దాటదు. పెద్ద కలప అంటే ఎక్కడి నుంచో సముద్రం తెచ్చి ఉత్తరపు ఒడ్డున పడేసే దుంగలే. ఇప్పుడు అడగండి, అయితే?

ఆ కలప ముందు పడవలకు పోతుంది. అయితే? ఇళ్లు రాతివి, కప్పు గడ్డిది. కలపతో చేసింది ఇంటికి ఒక్కటే, తలుపు. అయితే? తలుపే ఆస్తి. ఇల్లు కూలితే రాళ్లు అక్కడే వదిలేసి తలుపు మోసుకుపోతారు. అయితే? వెడల్పాటి చెక్క ఇంట్లో అదొక్కటే కాబట్టి చేపలు కోసేది దాని మీదే, పురుడు పోసేది దాని మీదే, చచ్చిపోతే మోసుకెళ్లేదీ దాని మీదే. అయితే? ఆ ఊళ్లో ఎవరైనా పోయారని చెప్పాలంటే "వాళ్ల తలుపు దిగింది" అంటారు. అన్నదమ్ములు విడిపోతే "తలుపు చీల్చుకున్నారు" అంటారు, నిజంగా ఎవరూ చీల్చరు, చీలిస్తే ఎవరికీ పనికిరాదు. కోడలు పుట్టింటి మీద అలిగి వచ్చిందని చెప్పడానికి కూడా తలుపు మాటే వాడుకోవచ్చు. ఎలాగో మీరే ఆలోచించండి, నాకు ఇంకా కుదరలేదు.

చూశారుగా, ఒక్క కొరత నుంచి ఆస్తి, పురుడు, చావు, నుడికారం వచ్చేశాయి. పండుగ జోలికి ఇంకా వెళ్లలేదు. నాలుగైదు "అయితే?"లు దాటేసరికి వస్తువు ఏదో ఒక మాటగా మారుతుంది. అక్కడ ఆపండి. ఇంకా లాగితే ప్రతిదీ తలుపు చుట్టూనే తిరిగి చిరాకు పుట్టిస్తుంది. బతికున్న ఏ జనమూ ఒకే వస్తువు గురించి ఇరవై నాలుగు గంటలూ ఆలోచించరు.

కొరత ఎప్పుడూ ప్రకృతి ఇచ్చిందే కానక్కర్లేదు, మనుషులు తెచ్చిపెట్టుకున్నదీ కావచ్చు. టికోపియాలో ఒకప్పుడు పందులుండేవి. తోటలు పాడుచేస్తున్నాయని సుమారు 1600 ప్రాంతంలో అక్కడివాళ్లు వాటిని పూర్తిగా లేకుండా చేసుకున్నారు. చుట్టుపక్కల ద్వీపాల్లో పంది అంటే హోదా, విందు. అలాంటిదాన్ని వదులుకోవడమంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని గొడవలు జరిగి ఉండాలి! మీ ద్వీపంవాళ్లు కూడా ఏదో ఒకటి కావాలని వదులుకుని ఉంటే, తాతలు ఇప్పటికీ దాని రుచి గురించి చెప్పుకుంటూ ఉంటే, ఆ ద్వీపానికి ఒక గతం ఉన్నట్టు పాఠకుడికి దానంతటదే అనిపిస్తుంది.

మూడో మెట్టు: పండుగ కన్నా ముందు పని

ఒక మామూలు రోజు రాయండి. ఏ విశేషమూ లేని రోజు. ఎవరు ముందు లేస్తారు, ఏది మొదట తడుస్తుంది, చేతులకు ఎక్కడ కాయలు కాస్తాయి. పాటలు ఇక్కడి నుంచే రావాలి. తెడ్డు వేసే పాటకు తెడ్డు లయ, తాడు లాగే పాటకు లాగే చోట ఊనిక. ఆ పాటలో అర్థం లేని ముక్కలు ఉంటాయి, ఎందుకంటే అవి ఊపిరి కోసం ఉన్నవి. దక్షిణ కొరియాలోని జేజు ద్వీపంలో హేన్యోలనే ఆడవాళ్లు ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా సముద్రం అడుగుకు మునిగి నత్తలూ గవ్వలూ ఏరుకొస్తారు. పైకి తేలగానే ఊపిరి వదులుతూ ఒక ఈల లాంటి శబ్దం చేస్తారు. దానికి సుంబిసొరి అని పేరు. ఊపిరితిత్తుల అవసరం అది, కానీ వినేవాళ్లకు అదే ఆ ఒడ్డు పాట. కథలో ఇలాంటి శబ్దం ఒక్కటి దొరికితే పది పల్లవులు రాయక్కర్లేదు.

పల్లవుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. కల్పిత జానపద గేయాన్ని పూర్తిగా రాయకండి. రెండు పాదాలు చాలు, మూడోది ఎవరికో దగ్గు వచ్చి ఆగిపోవాలి. ఎనిమిది చరణాల పాటను పాఠకులు దాటేసి ముందుకెళ్తారు. నేనైతే దాటేస్తాను.

నాలుగో మెట్టు: రెండు గడియారాల క్యాలెండర్

ద్వీపంలో కాలానికి రెండు లెక్కలుంటాయి. ఎండ, గాలి, పంటలది ఒకటి. చంద్రుడు, ఆటుపోట్లది రెండోది. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో పెద్ద పోటు వస్తుంది. అందుకే రేవు మనిషి "పొద్దున కలుద్దాం" అనడు, "నీళ్లు తీశాక కలుద్దాం" అంటాడు. కొండ మనిషికి ఈ మాట ప్రతిసారీ గందరగోళమే. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు వేరువేరు వేళల్లో కాచుకునే చిన్న సన్నివేశం ఒక పేజీ వర్ణన కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

పండుగ తేదీని ఈ రెండు గడియారాలు కలిసే చోట పెట్టండి. సమోవాలో పలోలో అనే సముద్రపు పురుగు ఏడాదిలో అక్టోబరు, నవంబరు నెలల్లో, చంద్రుడు సగానికి తగ్గిన రోజుల్లో, కొద్ది రాత్రులు మాత్రమే గుంపులుగా నీటి పైకి తేలుతుంది. జనం వలలు, గిన్నెలు పట్టుకుని చీకట్లోనే నీళ్లలోకి దిగుతారు. తిండి, తిథి, జాగరణ, సందడి అన్నీ ఒకే చోట. ఎవరూ కూర్చుని పండుగ "డిజైన్" చేయలేదు.

తేదీ తప్పితే ఏమవుతుందో కూడా ఆలోచించుకోవాలి. వనువాటులోని పెంటెకోస్ట్ ద్వీపంలో మగవాళ్లు చీలమండలకు తీగలు కట్టుకుని ఎత్తయిన చెక్క మంచె మీద నుంచి దూకుతారు. అది పెండలం దుంపల పంటతో ముడిపడిన ఆచారం. తీగలకు సరైన సాగుడు ఉండేది ఆ కాలంలోనే. 1974లో బ్రిటన్ రాణి వచ్చినప్పుడు ఆమె కోసం కాలం కాని కాలంలో దూకించారు. తీగలు ఆగలేదు, ఒకతను చనిపోయాడు. ఆచారంలో "ఇప్పుడే" అనే మాట ఎందుకు ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. మీ కథలో పెద్దమనిషి ఎవరైనా అతిథి మెప్పు కోసం పండుగను ముందుకు జరిపాడనుకోండి, ప్లాట్ తయారు.

పండుగకు ఖర్చు ఎవరిది, పెత్తనం ఎవరిది, మర్నాడు ఊడ్చేది ఎవరు? ఈ మూడూ తెలిస్తే చాలు, మిగతా రంగులన్నీ మీ ఇష్టం. ఊడ్చేవాళ్లెవరో తెలిస్తే ఊళ్లో ఎవరు ఎక్కడ నిలబడతారో తెలిసిపోతుంది.

ఐదో మెట్టు: కట్టుబాట్లు, వాటిలోని సందులు

కట్టుబాటు అంటే చాలా మంది ప్రాణం మీదకొచ్చే శాపంతో మొదలుపెడతారు. నిజంలో అవి ఎక్కువగా చిల్లర ఇబ్బందులు. షెట్లండ్ ద్వీపాల్లో పాతకాలపు జాలర్లు పడవెక్కాక చర్చి, పాదిరి, పిల్లి లాంటివాటిని అసలు పేర్లతో పిలిచేవాళ్లు కాదు. ప్రతిదానికీ ఒక సముద్రపు మారుపేరు ఉండేది. కుర్రాడు మొదటిసారి పడవెక్కి నోరు జారితే ఎంత హడావుడి అయ్యుంటుందో ఊహించుకోండి. భయం, నవ్వు రెండూ ఒకే క్షణంలో. కథకు కావలసింది ఆ క్షణమే.

పాలినేషియాలో ఒక తీరాన్ని కొంతకాలం చేపలు పట్టకుండా మూసేసే పద్ధతి ఉంది. దాన్ని రాహుయి అంటారు. పెద్దలు మూస్తారు, పెద్దలే తెరుస్తారు. సంపద పెరగడానికి పనికొస్తుంది, పెత్తనం చూపించుకోవడానికీ పనికొస్తుంది. మీ ద్వీపంలో ప్రతి కట్టుబాటుకూ ఈ రెండు ముఖాలూ ఉండేలా చూసుకోండి. దాని వల్ల ఎవరికో లాభం, ఎవరికో కడుపు మాడుతుంది. ఆపైన ఒక సందు పెట్టండి. కితోరలో ఒడ్డుకు వచ్చిన దుంగ మీద ఎవరు ముందు మూడు గాట్లు పెడితే వాళ్లదే. కానీ ఒక పూర్తి పోటు దాటేవరకు కదపకూడదు, సముద్రం మనసు మార్చుకుంటే తిరిగి తీసుకోవాలి కదా. సందు ఏమిటంటే, కదపకూడదని ఉంది గాని తాడు కట్టకూడదని లేదు. అందరూ తాడు కడతారు. తాడు కట్టడం తప్పనే ఒక ముసలావిడ ఉంటుంది, ఆమె దుంగలు రెండు సముద్రంలో పోయాయి, ఆమె మాత్రం ఇప్పటికీ కట్టదు.

కట్టుబాటు ఎలా చస్తుందో కూడా తెలిసి ఉండాలి. హవాయిలో ఆడా మగా కలిసి తినకూడదనేది కఠినమైన నిషేధం. 1819లో రాజు రెండో కమేహమేహ ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు. ఏమీ జరగలేదు. ఆ ఒక్క భోజనంతో కపు అనే మొత్తం నిషేధాల వ్యవస్థ కూలిపోయింది. యుద్ధం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ముద్ద.

ఆరో మెట్టు: కథలు, కనీసం మూడు రకాలుగా

ఇండోనేషియాలోని సిమెలువె ద్వీపంలో 1907లో పెద్ద సునామీ వచ్చి చాలామందిని తీసుకుపోయింది. బతికినవాళ్లు దాన్ని కథల్లో, పాటల్లో పెట్టుకున్నారు. భూమి గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి తగ్గితే, అది స్మాంగ్ (వాళ్ల మాటలో సునామీ), కొండెక్కండి. అంతే. 2004 డిసెంబరు 26న భూకంపం రాగానే జనం కొండల మీదికి పరుగెత్తారు. దాదాపు 78,000 మంది ఉన్న ఆ ద్వీపంలో చనిపోయింది ఏడుగురు. పిల్లలకు చెప్పుకునే కథ దాదాపు వందేళ్లు మోసింది ఒకే ఒక్క సూచన.

మీ ద్వీపం పురాణంలో కూడా ఇలాంటి ఒక నిజం గింజ ఉండాలి, దాని చుట్టూ బోలెడు పొట్టు ఉండాలి. సృష్టి నుంచి మొదలుపెట్టి దేవతల వంశవృక్షం రాయకండి. ఆ వంశవృక్షం మీకు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఒక చిన్న సంఘటన తీసుకుని ముగ్గురి నోట చెప్పించండి. కితోరకు మొదటి దుంగ ఎలా వచ్చింది? రేవువాళ్లు మునిగిన ఓడ ముక్క అంటారు. కొండవాళ్లు తమ తాత మొక్కుకుంటే వచ్చిందంటారు. పిల్లలు అది దుంగ కాదు, నిద్రపోతున్న చేప అంటారు. ఎవరిది నిజమో మీరు తేల్చకండి. ఎవరు ఏ కథ చెప్తున్నారన్నదే వాళ్ల మధ్య ఉన్న తగాదా.

ఇంకో సంగతి. పాతది అనుకునేది తరచూ కొత్తదే. ఐర్లండ్ పక్కనున్న అరాన్ ద్వీపాల స్వెటర్ల గురించి ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. మునిగిపోయిన జాలరి శవాన్ని గుర్తుపట్టడానికి ప్రతి కుటుంబానికీ ఒక ప్రత్యేకమైన అల్లిక ఉండేదట. దానికి ఆధారం లేదు. ఆ అల్లిక తరహా రూపుదిద్దుకున్నదే 20వ శతాబ్దం మొదట్లో. అయినా కథ బాగుంది కాబట్టి నిలబడింది, స్వెటర్లూ అమ్ముడుపోయాయి. మీ ద్వీపంలో "అనాదిగా వస్తున్న" ఆచారాల్లో ఒకటి నలభై ఏళ్ల కిందట ఒక మహాతల్లి మొదలుపెట్టిందైతే, ఆవిడ ఇంకా బతికే ఉంటే, దాని గురించి నోరు మెదపకపోతే, ఎంత బాగుంటుంది!

ఏడో మెట్టు: మాట

దిక్కుల నుంచి మొదలుపెట్టండి. హవాయిలో తూర్పు పడమరల కన్నా మౌక, మకై అనే మాటలు ఎక్కువ వాడతారు, కొండ వైపు, సముద్రం వైపు అని. ద్వీపం మీద అదే తేలిక. "ఎడం చేతి వైపు" అని రాయాల్సిన చోట "నీటి చేతి వైపు" అని ఒక్కసారి రాసి చూడండి, వివరణ లేకుండా.

పేర్ల విషయంలో నా సలహా ఒక్కటే, అక్షరాలకు నియమం పెట్టుకోండి. కితోర పేర్లలో ఒత్తులు రావు, మహాప్రాణాలు రావు, మూడక్షరాలు దాటవు. తలేమ, కిదోర, సవుని. నియమం పాఠకుడికి చెప్పనక్కర్లేదు, చెవికి తెలుస్తుంది. తర్వాత ఎప్పుడో "భ్రాంక్" అనేవాడు పడవ దిగితే వాడు బయటివాడని చెప్పాల్సిన పనే ఉండదు. మన పదాలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి, పరాయితనం చూపించాలంటే పొల్లుతో ఆపడం సులువైన కిటుకు. అతిగా వాడితే నోరు తిరగదు. ఇంటిపేర్ల సంగతీ చూసుకోండి. ట్రిస్టన్ డ కున్య ద్వీపంలో చాలాకాలం ఇంటిపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. అలాంటిచోట మనిషిని మనిషి నుంచి వేరుచేసేది మారుపేరే. మారుపేరు ఎప్పుడూ పొగడ్త కాదు.

సామెతల దగ్గర అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మనకు తెలిసిన సామెత తీసుకుని నామవాచకం మార్చేస్తాం. ఏనుగు స్థానంలో తిమింగలం, ఏరు స్థానంలో అల. పాఠకుడు వెంటనే పట్టేస్తాడు, ఎందుకంటే పాత సామెత నడక చెవిలో ఉంటుంది. అలా కాకుండా పని దగ్గరకు వెళ్లండి. దుంగ తడిగా ఉన్నప్పుడు గాటు సులువుగా పడుతుంది, ఎండాక కత్తి జారుతుంది. "తడిలో గాటు, ఎండలో మాట." ముందు పని చేసుకో, వాదన తర్వాత పెట్టుకో అని. దీనికి ఎదురు సామెత కూడా ఉండాలి, లేకపోతే అది నీతివాక్యం అయిపోతుంది. "తొందరగాటు దుంగ పొరుగింటి పడవ." ఇద్దరు మనుషులు ఒకే తగాదాలో చెరొక సామెతా విసురుకుంటే అదొక ఊరు.

ఎనిమిదో మెట్టు: బయటి ఓడ

"ఎవరికీ తెలియని, ఎవరూ రాని ద్వీపం" అనేది సోమరి ఆలోచన. ద్వీపాలు ఒంటరివి కావు. పాపువా న్యూ గినీకి చెందిన న్యూ బ్రిటన్ ద్వీపంలోని తలసియా దగ్గర దొరికే అగ్నిపర్వతపు గాజురాయి మూడు వేల ఏళ్ల కిందటే పడవల మీద ఫిజీ దాకా వెళ్లింది. దక్షిణ అమెరికా చిలగడదుంప కొలంబస్ కన్నా ముందే పాలినేషియా చేరింది. సెయింట్ కిల్డాలో ఓడ వచ్చి వెళ్లాక ఊరంతా దగ్గుతో మంచం పట్టేది. ఓడతో వచ్చే జబ్బు అని దానికి వాళ్లు పేరే పెట్టుకున్నారు.

బయటి వస్తువు వస్తే ద్వీపం దాన్ని తన లెక్కలో కొలుస్తుంది. యాప్ ద్వీపంలో డబ్బుగా చెలామణి అయిన పెద్ద పెద్ద రాతి చక్రాలను పలావు ద్వీపాల నుంచి సముద్రం మీద తెచ్చేవాళ్లు. విలువ రాతి పరిమాణంలోనే కాదు, తెచ్చిన కష్టంలో కూడా. 19వ శతాబ్దం చివర్లో ఓ'కీఫ్ అనే నావికుడు ఇనుప పనిముట్లు, ఓడ సాయంతో పెద్ద పెద్ద రాళ్లు తెప్పించాడు. అవి చూడడానికి ఘనంగా ఉన్నా, పాత రాళ్లంత విలువ పలకలేదు. కితోరకు ఒక వ్యాపారి ఓడ నిండా కోసిన పలకలు తెచ్చాడనుకోండి. తలుపులు చవకైపోతాయా, లేక "ఓడ తలుపు" అనేది తిట్టుగా మారుతుందా? రెండోది నాకు నచ్చింది.

నిజమైన జనాల నుంచి తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. లెక్క తీసుకోండి, వేషం తీసుకోకండి. కష్టాన్ని బట్టి విలువ అనే లెక్క ఎవరైనా వాడుకోవచ్చు. ఒక జాతి పవిత్రంగా చూసుకునే పచ్చబొట్టు నమూనానో, చనిపోయినవారి కోసం చేసే క్రతువునో పేరు మార్చి అతికించడం మర్యాద కాదు, పైగా రచనగా కూడా బలహీనం. దాని వేళ్లు మీ ద్వీపంలో ఉండవు.

తొమ్మిదో మెట్టు: అరగదీయడం

ఇప్పటిదాకా చేసినదంతా నోట్‌బుక్. దాన్ని కథలో పోసేస్తే గైడ్ పుస్తకం అవుతుంది. రాసుకున్నదాంట్లో పదో వంతు పేజీ మీదకు వస్తే ఎక్కువే. ఎలా రావాలో చూపిస్తాను. కితోరలో ఒక చావు:

వాన తగ్గలేదు. తలుపు దింపేశాక ఇంట్లోకి జల్లు కొడుతోంది, ఎవరో పాత తెరచాప అడ్డం కట్టారు. తలేమ తలుపు మీది చేప పొలుసులు గోటితో గీకుతోంది. "పొద్దున్నే కడిగాను, ఇంకా ఉన్నాయి చూడు," అంది, ఎవరితోనో తెలియకుండా. నలుగురు ఎత్తారు. తల కొండ వైపు పెట్టబోతే సవుని ఆపింది. "నీళ్ల వైపు." "ఎందుకవ్వా?" అన్నాడు కుర్రాడు. "అలాగే మోస్తారు." "కొండవాళ్లు ఇటు పెడతారుగా?" "వాళ్లకేం తెలుసు." దారిలో కిదోర తమ్ముడు మెల్లగా అడిగాడు, తలుపు రేపటికి తిరిగొస్తుందా అని. వాళ్ల ఇంట్లో కాన్పు దగ్గరపడింది.

ఇక్కడ కలప కొరత గురించి ఒక్క మాట లేదు. తల నీళ్ల వైపు ఎందుకో సవునికే తెలియదు. నాకు తెలుసు, నోట్‌బుక్‌లో ఉంది, చెప్పను. పొలుసులు గీకడం మాత్రం నోట్‌బుక్‌లో లేదు, రాస్తుంటే వచ్చింది. అలాంటిది ఒక్కటైనా దానంతటది రాకపోతే వెనక్కి వెళ్లి మూడో మెట్టు మళ్లీ చూసుకోండి, మామూలు రోజు సరిగా రాసి ఉండరు.

రాయడం అయ్యాక ఒకసారి వెతకండి, మీ ద్వీపంలో ఆచారాన్ని సరిగా చేయనివాళ్లు ఎంతమంది ఉన్నారో. బద్ధకస్తులు, నమ్మకం లేకపోయినా పక్కింటివాళ్ల కోసం చేసేవాళ్లు, పాట మధ్యలో మర్చిపోయి పెదాలు ఆడించేవాళ్లు. ఒక్కరూ లేకపోతే ఇద్దర్ని పెట్టండి.

నా దీపాల పండుగ తర్వాత ఎప్పుడో తిరిగొచ్చింది. ఇప్పుడు అందులో దీపం ఒకటే ఉంది. ఏడాదంతా ఇంటింటికీ ఒక చుక్క చొప్పున దాచిన పక్షి కొవ్వుతో వెలుగుతుంది. ఎవరి చుక్క చిన్నదో ఊరందరికీ తెలుసు.